ఎనిమిది – ఒకటి

మా ఓనరు గారు ఏడవగా నేను చూసింది ఒక్కసారే. 2001 అక్టోబరు, ఒక శనివారం పొద్దున్న. వాషింగ్ మెషీన్ ఖాళీగా ఉందేమో అడుగుదామని బేస్‌మెంట్ మెట్లెక్కి పైకొస్తే, ఆయన వంటింట్లో పేపరు ముందేసుకుని కూర్చున్నారు. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, రుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. పక్కన కాఫీ చల్లారిపోయి తొరక కట్టేసింది.

"వుడీ పోయాడు" అన్నారు నన్ను చూసి.

తమ్ముడో బావమరిదో అనుకున్నాను. ఆ ఇంట్లో దిగి రెండు నెలలు కూడా కాలేదు, వాళ్ల చుట్టాలెవరో నాకేం తెలుసు. మన అలవాటు కొద్దీ, "మీకేమవుతారండీ?" అని అడిగేశాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "ఏమీ కాడు. మా లెఫ్ట్ వింగ్" అన్నారు.

నాకు ముక్క అర్థం కాలేదు. లెఫ్టు, రైటు అంటే నాకు తెలిసింది రాజకీయాలే. సానుభూతిగా తలూపి, బట్టల మూట పట్టుకుని కిందికి దిగిపోయాను.

నేను విశాఖపట్నం నుంచి కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీకి ఎమ్మెస్ కోసం వచ్చింది ఆ ఏడాది ఆగస్టు చివర్లో. వాటర్‌లూ, కిచెనర్ రెండూ జంట నగరాలు, మన హైదరాబాద్, సికింద్రాబాద్ లాగే. ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. అద్దె తక్కువని కిచెనర్‌లో విక్టోరియా పార్కు దగ్గర ఒక పాత ఇటుకల ఇంట్లో బేస్‌మెంట్ తీసుకున్నాం, నేనూ కర్నూలు నుంచి వచ్చిన మా రూమ్మేటూ. దిగిన రెండు వారాలకే న్యూయార్క్‌లో ఆ రెండు టవర్లూ కూలిపోయాయి. అక్టోబరు వచ్చేసరికి అఫ్ఘనిస్తాన్ మీద బాంబులు పడుతున్నాయి. ఎక్కడికెళ్లినా టీవీలో అదే. మా రూమ్మేట్ గడ్డం తీసేశాడు. ముస్లిం పేరు వాడిది, మూడు ముక్కలుండేది. రెజ్యూమేలో దాన్ని ఎలా కత్తిరించాలా అని రాత్రిళ్లు పేపర్ మీద రాసి కొట్టేస్తుండేవాడు.

ఆ బేస్‌మెంట్‌లో మా మంచాల పక్కనే ఓనరు గారి భార్య ఒక పెద్ద జాడీ పెట్టింది. సన్నగా తరిగిన క్యాబేజీని ఉప్పేసి, పైన బరువు పెట్టి, వారాల తరబడి పులియబెడతారు. సావర్‌క్రౌట్ అంటారు దాన్ని. ఆ పులుపు వాసనకి మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. ఒకరోజు ఆ విషయం మొహమాటపడుతూ చెబితే, ఆవిడ అంతకంటే మొహమాటపడుతూ, మీ ఎర్ర జాడీ వాసనకి మా ఆయనకీ నిద్ర పట్టడం లేదు అంది. ఎర్ర జాడీ అంటే మా అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ. ఆ తర్వాత రెండు జాడీల జోలికీ ఎవరూ వెళ్లలేదు.

ఆ సాయంత్రం ఓనరు గారే కిందికి వచ్చారు. పొద్దున్న నాకేం అర్థం కాలేదని కనిపెట్టినట్టున్నారు. చేతిలో అదే పేపరు. వుడీ డ్యూమార్ట్ అని ఒక ముసలాయన ఫోటో. పక్కనే కుర్రతనంలో హాకీ కర్ర పట్టుకున్న ఫోటో. ఐస్ హాకీ.

"ముగ్గురు" అన్నారు ఆయన, మా మంచం మీద కూర్చుంటూ. "ముగ్గురూ ఈ ఊరి వాళ్లే."

సెంటర్‌లో మిల్ట్ ష్మిట్. ఎడమ వైపు వుడీ డ్యూమార్ట్. కుడి వైపు వాటర్‌లూలో పుట్టిన బాబీ బావర్. ఐస్ హాకీలో ముందు ఆడే ముగ్గుర్ని కలిపి లైన్ అంటారు. ఆ ముగ్గురూ కలిసే మంచు మీదకి దిగుతారు, కలిసే దిగిపోతారు. వీళ్లు ముగ్గురూ బోస్టన్ బ్రూయిన్స్‌కి ఆడేవాళ్లు. బోస్టన్ పక్కన బ్రుక్‌లైన్‌లో ఒకే గది అద్దెకి తీసుకుని ఉండేవాళ్లట. జీతం మాట్లాడుకోవడానికి కూడా ముగ్గురూ కలిసే మేనేజర్ గదిలోకి వెళ్లేవాళ్లట. ష్మిట్ అయితే పద్నాలుగో ఏటే చదువు మానేసి ఇక్కడే బూట్ల ఫ్యాక్టరీలో చేరాడు. పద్దెనిమిదేళ్లకి బోస్టన్ జట్టులో ఉన్నాడు. గోల్ కొట్టినా, కొట్టించినా ఒక్కో పాయింటు. 1939–40 సీజన్లో మొత్తం నేషనల్ హాకీ లీగ్‌లో ఎక్కువ పాయింట్లు ఎవరివని చూస్తే మొదటి ముగ్గురూ వీళ్లే. ష్మిట్‌కి 52, మిగతా ఇద్దరికీ చెరో 43. ఒకే లైన్ అలా మొదటి మూడు స్థానాలూ తీసుకోవడం అంతకు ముందెన్నడూ లేదు.

"వాళ్ల లైన్ పేరేంటో తెలుసా?" అని అడిగి, మూల ఉన్న జాడీ వైపు చెయ్యి చూపించారు. "క్రౌట్ లైన్."

జర్మన్ వాళ్లని ఎగతాళిగా పిలిచే మాట అది. ఆ పులిసిన క్యాబేజీ తింటారని. మన ఊరి కుర్రాళ్లు ముగ్గురు ఢిల్లీలో ఆడితే అక్కడివాళ్లు గోంగూర లైన్ అని పిలిచినట్టు. మొదట్లో సరదాగానే పెట్టారట, వాళ్లూ సరదాగానే తీసుకున్నారట. కానీ 1939 సెప్టెంబరులో కెనడా యుద్ధంలోకి దిగింది, అదీ జర్మనీ మీదే. ఆ మాట అప్పటినుంచి అంత సరదాగా వినిపించలేదు. పేపర్ల వాళ్లు దాన్ని కిచెనర్ కిడ్స్ అని మార్చి చూశారు కానీ జనం నోట్లో పాతదే నిలిచింది.

ఈ ఊరికి పేర్లు మారడం కొత్త కాదు. 1916 వరకూ కిచెనర్ పేరు బెర్లిన్. నేను నమ్మలేదు, మర్నాడు లైబ్రరీకి వెళ్లి చూసుకున్నాను. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లే ఎక్కువ కాబట్టి బెర్లిన్ అని పెట్టుకున్నారు. పార్కులో ఒక జర్మన్ చక్రవర్తి విగ్రహం కూడా ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే దాన్ని పీకి అదే పార్కు చెరువులో పడేశారు. మేము సాయంత్రాలు బాతులకి బ్రెడ్డు ముక్కలేసిన చెరువు అదే! రెండేళ్ల తర్వాత ఓటింగ్ పెట్టి ఊరి పేరే తీసేశారు. ఆ జూన్‌లోనే బ్రిటిష్ సేనాని లార్డ్ కిచెనర్ ఓడ మునిగి చనిపోయాడు కాబట్టి ఆయన పేరు పెట్టుకున్నారు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సైన్యానికి పెద్దగా ఉన్నది ఆయనే. ఎక్కడి మనిషి, ఎక్కడి ఊరు!

అసలు సంగతి ఓనరు గారు చెప్పింది ఆ తర్వాత. నేల మీద చెప్పులతో గీతలు గీస్తూ చెప్పారు, ఇక్కడ గోలు, ఇక్కడ బెంచీ అంటూ.

1942 ఫిబ్రవరి రెండో వారం. ముగ్గురూ రాయల్ కెనడియన్ ఎయిర్ ఫోర్స్‌లో చేరిపోయారు. ష్మిట్‌కి ఇంకా ఇరవై నాలుగు నిండలేదు. అంతకు ముందు ఏడాదే బ్రూయిన్స్ స్టాన్లీ కప్పు, అంటే లీగ్ విజేతకి ఇచ్చే కప్పు, గెలిచారు, ఫైనల్లో డెట్రాయిట్‌ని వరసగా నాలుగు మ్యాచ్‌ల్లోనూ ఓడించి. అంటే సరిగ్గా కొండ మీద ఉన్నప్పుడు. వెళ్లే ముందు ఆఖరి మ్యాచ్ బోస్టన్ గార్డెన్‌లో, మాంట్రియల్ కెనేడియన్స్ మీద. బోస్టన్, మాంట్రియల్ ఎదురుపడితే మామూలుగా ఆటకంటే కొట్లాటే ఎక్కువ. ఆ రోజు బ్రూయిన్స్ ఎనిమిది–ఒకటితో గెలిచారు. ఈ ముగ్గురూ చెలరేగిపోయారు. ఆట అయ్యాక టీమ్ వాళ్లు మంచు మీదే నిలబెట్టి కానుకలు, జీతం చెక్కులు చేతికిచ్చారు. అప్పుడు రెండు జట్ల ఆటగాళ్లూ, అంటే అప్పటిదాకా చితక్కొట్టించుకున్న మాంట్రియల్ వాళ్లు కూడా, వచ్చి ఈ ముగ్గుర్నీ భుజాల మీదకి ఎత్తుకుని బయటికి మోసుకెళ్లారు. హాలు మొత్తం లేచి నిలబడి వీడ్కోలు పాట పాడింది.

"స్కేట్లు వేసుకుని మనిషిని భుజాన ఎత్తుకోవడం ఎంత కష్టమో తెలుసా?" అన్నారు ఓనరు గారు. ఆయన్ని అన్నిటికంటే కదిలించింది అదేననుకుంటాను.

ఆయనకి అప్పుడు ఎనిమిదేళ్లు. బోస్టన్ ఎక్కడ, కిచెనర్ ఎక్కడ. చూసింది లేదు. వాళ్ల నాన్న రబ్బరు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా పేపర్లో వార్త గట్టిగా చదివి వినిపించాడట. జర్మన్‌లో కాదు, ఇంగ్లిష్‌లో. ఇంట్లో జర్మన్ మాట్లాడటం ఆపేశారట అప్పటికే. ఇంకో మాట కూడా చెప్పారు, కొంచెం గొంతు తగ్గించి. అదే ఏడాది వాళ్ల నాన్న ఇంటిపేరులో రెండక్షరాలు తీసేశాడు. బయట గుమ్మం మీద ఇత్తడి పలకపై ఉన్నది పొట్టి పేరు. చర్చి రిజిస్టర్‌లో ఉన్నది పొడుగు పేరు.

"ష్మిట్ మాత్రం చేరేటప్పుడు కూడా ష్మిట్ అనే రాశాడు" అన్నారు. మా రూమ్మేట్ అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాం. ఇటు తిరిగాడు.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేశాను. అప్పట్లో ఐదు డాలర్ల కాలింగ్ కార్డు, గీకి నంబరు నొక్కాలి, మధ్యలో కట్ అయిపోతుంటుంది. ఏం మాట్లాడాలో తెలీక, ఇక్కడ హాకీ గురించి ఒక కథ విన్నాను నాన్నా అని మొదలుపెట్టాను.

"హాకీయా! మంచు మీద ఏట్రా, జారిపోరూ?" అన్నాడు నాన్న.

నాన్నకి హాకీ అంటే ప్రాణం. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ని రెండు–ఒకటితో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన రోజు రేడియో పక్కనుంచి కదల్లేదని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నేను మ్యాచ్ సంగతి చెప్పి, ఎనిమిది–ఒకటి అనగానే నాన్న నన్ను ఆపేశాడు.

"ఒరేయ్, అది ధ్యాన్‌చంద్ స్కోరు. బెర్లిన్‌లో. జర్మనీ మీద."

నిజమే. 1936 ఆగస్టు 15, బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్. ఇండియా ఎనిమిది, జర్మనీ ఒకటి. ఆ కథ చిన్నప్పుడు నాన్న అన్నం తినిపిస్తూ చెప్పిందే. ఇదీ ఒకప్పుడు బెర్లినే నాన్నా అని చెబుదామనుకునే లోపు కార్డులో డబ్బులైపోయాయి. మళ్లీ ఇంకో ఐదు డాలర్లు పెట్టి ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఫోన్ చేశాను. అప్పటికి నాకు అది వారం కూరగాయల డబ్బు.

ఆ రెండో కాల్‌లో నాన్న ఇంకోటి కూడా అన్నాడు. 1940లో, 1944లో ఒలింపిక్స్ జరగనే లేదు. యుద్ధం మింగేసింది. ధ్యాన్‌చంద్ మెళ్లో మూడు బంగారు పతకాలే ఉన్నాయంటే ఆ తర్వాత ఆడలేక కాదు, ఆడటానికి ఒలింపిక్స్ లేక. మళ్లీ 1948లో లండన్‌లో పెట్టేసరికి ఆయనకి నలభై దాటేశాయి. "ఆటగాడికి వయసే ఆస్తి. అది వడ్డీకి తిప్పుకునేది కాదు" అన్నాడు. మా నాన్న పోర్టులో అకౌంట్స్‌లో పనిచేసేవాడు, ప్రతిదానికీ వడ్డీ లెక్క ఉంటుంది.

ఓనరు గారికీ ఒక లెక్కల పుస్తకం ఉండేది. బడి పిల్లల నోటు పుస్తకం. ష్మిట్ మొత్తం మీద 776 మ్యాచ్‌ల్లో 229 గోల్స్ కొట్టాడు. యుద్ధంలో పోయినవి పూర్తిగా మూడు సీజన్లు, ఇంకో సగంలో సగం. సీజన్‌కి ఇరవై వేసుకుంటే ఇంకెన్ని? ఇరవై రెండు వేసుకుంటే ఎన్ని? ఒక్కో పేజీలో ఒక్కో లెక్క. నాకైతే ఆ లెక్కలు కాస్త విసుగనిపించేవి. కొట్టని గోలుకి లెక్కేంటి? కానీ నోరెత్తలేదు. మన వాళ్లు ధ్యాన్‌చంద్‌కి కట్టే లెక్కలు ఇంతకంటే తక్కువేం కావు.

నాకు నచ్చింది ఆ లెక్కలు కాదు, వాళ్లు లేనప్పుడు ఆట ఏమైపోయిందన్న కబుర్లు. నవంబరు, డిసెంబరు నెలల్లో మంచు తవ్వడం అయ్యాక ఆయన గ్యారేజీలో కూర్చోబెట్టి చెప్పినవి. ముందు తవ్వడం గురించి రెండు మాటలు. ఇంటి ముందు నడిచే దారి మీద మంచు తవ్వితే అద్దెలో కొంత తగ్గిస్తానన్నారు ఆయన. విశాఖ బీచ్‌లో ఇసుక గూళ్లు కట్టడం తప్ప ఏదీ తవ్వి ఎరగని నేను ఒప్పుకున్నాను. మొదటి రోజే నడుం పట్టేసింది. తగ్గిన అద్దె నొప్పుల మందుకే సరిపోయింది.

లీగ్‌ని మూసేద్దామా అనే మాట కూడా వచ్చిందట, కానీ జనానికి ఉత్సాహంగా ఉంటుందని నడవనిచ్చారు. నడిపించడానికి మనుషులేరి? బ్రూక్లిన్ అమెరికన్స్ అనే జట్టు 1942లో ఎత్తేశారు, మిగిలినవి ఆరు. మ్యాచ్ సమానమైతే పది నిమిషాలు అదనంగా ఆడే పద్ధతి ఉండేది. అది కూడా 1942 నవంబరులో తీసేశారు. ఎందుకంటే రైలు తప్పిపోతుందని! యుద్ధానికి రైళ్లన్నీ వేళ ప్రకారం తిరగాలి, హాకీ వాళ్ల కోసం ఆగవు. రైలు కోసం తీసేసిన ఆ పది నిమిషాలు మామూలు సీజన్ మ్యాచ్‌ల్లోకి మళ్లీ రావడానికి 1983 దాకా పట్టింది, అదీ ఐదు నిమిషాలుగా. అప్పటికి ఆటగాళ్లందరూ విమానాల్లో తిరుగుతున్నారు.

బోస్టన్‌కి దిక్కులేక బెప్ గిడోలిన్ అనే కుర్రాణ్ని దించారు, పదహారేళ్ల వాణ్ని. ఆ లీగ్‌లో అంత చిన్నవాడు ఇప్పటిదాకా ఇంకెవరూ ఆడలేదు. "ఇంకో ఏడెనిమిదేళ్లు ముందు పుట్టి ఉంటే నన్ను కూడా తీసుకునేవాళ్లు" అనేవారు ఓనరు గారు. ఆయన భార్య లోపలినుంచి "గోలు వెనకాల కూర్చోబెట్టడానికి" అనేది. న్యూయార్క్ రేంజర్స్ అయితే ఘోరం. 1943–44లో 50 మ్యాచ్‌లాడి ఆరే గెలిచారు. డెట్రాయిట్ చేతిలో ఒక రోజు పదిహేను–సున్నా. వాళ్ల కోచ్ ఫ్రాంక్ బౌషే ఎప్పుడో రిటైరైన మనిషి, నలభై దాటాక మళ్లీ స్కేట్లు కట్టుకుని తనే దిగాడు. బోస్టన్ గోలీ ఫ్రాంక్ బ్రిమ్సెక్, గోలు పడనివ్వడని మిస్టర్ జీరో అనేవాళ్లు, అమెరికన్ కోస్ట్ గార్డ్‌లో చేరి పసిఫిక్‌కి వెళ్లాడు. తిరిగొచ్చాక ఆడాడు కానీ మునుపటి మిస్టర్ జీరో కాలేదు.

రెడ్ గ్యారెట్ తిరిగి రాలేదు. ఈ పేరు చెప్పేటప్పుడు ఓనరు గారు టోపీ తీసేవారు, గ్యారేజీలో కూడా. రేంజర్స్‌కి 23 మ్యాచ్‌లు ఆడిన కుర్రాడు. కెనడా నౌకాదళంలో చేరాడు. షావినిగన్ అనే ఓడ, 1944 నవంబరులో జర్మన్ సబ్‌మెరైన్ వదిలిన టార్పెడో తగిలి మునిగిపోయింది. ఓడలో ఉన్న 91 మందీ పోయారు. గ్యారెట్‌కి ఇరవై ఏళ్లు. నవంబరు 11న ఇక్కడ యుద్ధాల్లో పోయిన వాళ్లని తలుచుకుంటారు, కోటు మీద ఎర్ర గసగసాల పువ్వు బొమ్మ పెట్టుకుంటారు. ఆ ఏడాది మా ఇద్దరికీ ఓనరు గారే తెచ్చి గుచ్చారు. మా రూమ్మేట్ కోటుకి గుచ్చేటప్పుడు సూది వాడి వేలికి దిగింది. వాడు కిక్కురుమనలేదు.

మన క్రౌట్ లైన్‌కి ఆ అదృష్టం ఉంది, ముగ్గురూ బతికి వచ్చారు. మొదట ఒట్టావాలో ఎయిర్ ఫోర్స్ జట్టు ఫ్లయర్స్‌కి ఆడారు. చేరిన రెండు మూడు నెలల్లోనే ఆ జట్టు అలన్ కప్పు గెలిచింది. అది ప్రొఫెషనల్స్ కాని వాళ్లకి ఇచ్చే జాతీయ కప్పు. బోస్టన్ నుంచి లీగ్ మొత్తాన్ని ఏడిపించిన ముగ్గురు వచ్చి పడితే అవతలి వాళ్లు ఏం చేస్తారు పాపం! ఆ తర్వాత ష్మిట్‌ని ఇంగ్లండ్ పంపారు, బాంబర్ విమానాల కుర్రాళ్లకి వ్యాయామం చేయించే పని. పొద్దున్న తన చేత గుంజీళ్లు తీయించుకున్న వాళ్లలో ఎందరు రాత్రికి తిరిగొస్తారో తెలియని కొలువు.

ఒకరోజు నేను, మా ఊరి మీద కూడా బాంబులు పడ్డాయండీ అన్నాను. ఆయన నమ్మలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బర్ మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. మా మామ్మ అప్పటికి కొత్త పెళ్లికూతురు. ఊరంతా ఖాళీ చేసి బళ్లు కట్టుకుని పల్లెల్లోకి పారిపోయారని, పొయ్యి మీద అన్నం గిన్నె అలాగే వదిలేసి వెళ్లిపోయానని చెప్పేది. వారం తర్వాత వచ్చి చూస్తే గిన్నె లేదట. "బాంబేసినోడు గిన్నె ఎత్తుకుపోడు కదా" అని నవ్వేది. ఓనరు గారు అట్లాస్ తెచ్చి విశాఖపట్నం వెతికించుకున్నారు. వేలు పెట్టి, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. ఆ ఏప్రిల్‌లో నాకు అలన్ కప్పు తప్ప ఇంకేం గుర్తులేదు అన్నారు.

జనవరిలో నన్ను ఆడిటోరియంకి తీసుకెళ్లారు. ఊళ్లో అందరూ ముద్దుగా ఆడ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఈ ఊరి వాళ్ల గుర్తుగా కట్టింది, 1951లో తెరిచారు. కిచెనర్ రేంజర్స్ అనే కుర్రాళ్ల జట్టు ఆడేది అక్కడే. మొదటిసారి ఐస్ హాకీ ఎదురుగా చూశాను. టీవీలో కనిపించనిది ఏంటంటే ఆ చప్పుడు. స్కేటు మంచుని కోసే చప్పుడు, మనిషి వెళ్లి చెక్క గోడకి గుద్దుకునే చప్పుడు. బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని పక్ అంటారు. అది ఎక్కడుందో నాకు మూడో పీరియడ్ దాకా, అంటే ఆట ఆఖరి భాగం దాకా కనబడనే లేదు. అందరూ లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. సినిమా హాల్లో పక్కవాడు నవ్వితే నవ్వినట్టు.

తర్వాతి వారం స్కేటింగ్ కూడా నేర్పిస్తానన్నారు. సెకండ్ హ్యాండ్ బావర్ స్కేట్లు ఇచ్చారు. ఆ కంపెనీ కూడా 1927లో ఈ ఊళ్లోనే పుట్టింది. కడితే నా సైజు కంటే ఒకటి పెద్దవి, రెండు జతల సాక్సులు వేశాను. పదహారు సార్లు పడ్డానని ఆయన, పద్నాలుగేనని నేను. చివరిసారి పడ్డప్పుడు ఐదేళ్ల పాప ఒకత్తి ఆగి, "ఆర్ యూ ఓకే మిస్టర్?" అని అడిగి మరీ వెళ్లింది. ఆ అవమానం ఈ రోజుకీ పోలేదు.

యుద్ధం నుంచి వచ్చాక కథ కూడా చెప్పాలి, లేకపోతే ఓనరు గారు ఊరుకోరు. 1945–46లో ముగ్గురూ మళ్లీ బోస్టన్‌లో. ఆ ఏడాదే ఫైనల్ దాకా వెళ్లి మాంట్రియల్ చేతిలో ఓడారు. నాలుగేళ్ల కింద భుజాల మీద మోసింది కూడా ఆ మాంట్రియలే! బావర్ ఒక సీజన్లో 30 గోల్స్ కొట్టి, తన జీవితంలోనే ఎక్కువ అవి, 1947లో ఇంక చాలు అని ఇంటికొచ్చేశాడు. ష్మిట్ ఆగలేదు. 33 ఏళ్ల వయసులో, 1951లో, లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడని హార్ట్ ట్రోఫీ ఇచ్చారు.

1952 మార్చి 18న బోస్టన్‌లో ష్మిట్‌కీ డ్యూమార్ట్‌కీ సన్మానం పెట్టారు. ఆ ఒక్క రాత్రి కోసం బావర్ మళ్లీ జెర్సీ వేసుకున్నాడు. ఆడి ఐదేళ్లయింది. సన్మానం కదా అని ఊరికే నిలబడి చెయ్యూపలేదు. ఒక గోల్ కొట్టాడు, ఇంకొకటి కొట్టించాడు. కొట్టించింది ష్మిట్ చేత, డ్యూమార్ట్‌తో కలిసి. అది ష్మిట్‌కి రెండు వందలో గోల్. ఇది చెప్పేటప్పుడు ఓనరు గారి నోటు పుస్తకం అక్కర్లేదు, అన్నీ నోటికే. అప్పటికి ఆయనా తండ్రి పనిచేసిన రబ్బరు ఫ్యాక్టరీలోనే చేరారు. షిఫ్టు దిగి వచ్చేసరికి వార్త తెలిసి, మంచులో ఇంటిదాకా పరిగెత్తారట. ఎందుకు పరిగెత్తారంటే ఆయనకే తెలీదు. ఇంట్లో చెప్పడానికి వాళ్ల నాన్న కూడా లేరు అప్పటికి.

మా రూమ్మేట్ ఆ మార్చిలోనే రెజ్యూమే పంపడం మొదలుపెట్టాడు. మూడు ముక్కలూ పూర్తిగా రాసి పంపాడు. ఉద్యోగం రావడానికి తొమ్మిది నెలలు పట్టింది, నాకంటే ఆరు నెలలు ఎక్కువ. పేరు వల్లో, మార్కెట్ వల్లో ఎవరు చెప్పగలరు. ఇప్పుడు వాడి ఇంటి ముందు ఇత్తడి పలక ఉంది. పొడుగ్గా ఉంటుంది, పోస్ట్‌మ్యాన్‌కి ఇబ్బందేనంటాడు.

నేను 2003లో కిచెనర్ వదిలేశాను. మిస్సిసాగాలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఆవకాయ జాడీ వాళ్ల బేస్‌మెంట్‌లోనే మర్చిపోయాను. తర్వాత అడిగితే అయిపోయిందన్నారు. ఎవరు తిన్నారని నేను అడగలేదు. మొదట్లో క్రిస్మస్‌కి వెళ్లేవాణ్ని, తర్వాత ఫోన్, తర్వాత అదీ తగ్గింది. నాన్న 2012లో పోయాడు.

2016 అక్టోబరులో బోస్టన్‌లో కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి మంచు మీద పక్ వదిలారు. ఒకరు బ్రూయిన్స్ పాత ఆటగాడు బాబీ ఓర్. రెండో ఆయన తొంభై ఎనిమిదేళ్ల మిల్ట్ ష్మిట్, బ్రూయిన్స్‌లో చేరి సరిగ్గా ఎనభై ఏళ్లయిందని పిలిచారు. వాకర్ కాదు, ఇంకేదో కాదు, నేను చూసింది ఆ చేతిని. పక్ పట్టుకున్న తీరు. ఆ చేతుల్లోంచి ఎయిర్ ఫోర్స్‌కి మూడు సీజన్లు జారిపోయాయని పక్కన కూర్చున్న మా అబ్బాయికి చెప్పబోయాను. వాడికి పదేళ్లు, ఫోన్‌లో ఉన్నాడు.

2017 జనవరి 4న ష్మిట్ పోయారు. ఆఫీసులో వార్త చూశాను. కాసేపు అలాగే కూర్చుని, కిచెనర్ ల్యాండ్‌లైన్ నంబరు కొట్టాను. పద్నాలుగేళ్లయినా వేళ్లకి గుర్తుంది. నాలుగు రింగులకి ఎత్తారు. ఎనభై మూడేళ్లు, గొంతు బాగా సన్నబడింది. వెనకాల టీవీ పెద్దగా పెట్టి ఉంది.

ఎవరని చెప్పాలో తోచలేదు. బేస్‌మెంట్ అబ్బాయినని చెప్పాలా, పేరు చెప్పాలా. "ఎనిమిది–ఒకటి" అన్నాను.

కాసేపు టీవీ శబ్దం తప్ప ఏమీ వినబడలేదు.

"మీదా, మాదా?" అన్నారు.

నేను నవ్వబోయాను, రాలేదు. టీవీ ఆపిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు వినిపించాయి.

"ముందు మీది చెప్పు" అన్నారు.